మడి గీత అని నేను చెప్పిన తప్పు పాఠం

రిటైరైన నాలుగో నెలలో పక్కింటి పిల్ల తన ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. "అమ్మమ్మా, ఈ సారు లెక్కలు భలే చెప్తుండు, చూడు" అంది. ఖమ్మంలో ఏదో కోచింగ్ సెంటర్. ఒక కుర్ర లెక్చరరు బోర్డు మీద వక్రం గీశాడు, దాని కింద అడ్డంగా చుక్కల గీత గీశాడు. "ఇది మడి గీత. వక్రం దీని దగ్గరికి వస్తది, వస్తది, వస్తనే ఉంటది. కానీ ముట్టదు. ముట్టిందా, మైల! మార్కు కట్!" అన్నాడు. పిల్లలు ఘొల్లుమన్నారు. చివర్లో, "ఈ ట్రిక్కు నాది కాదు, మా మేడమ్‌ది" అని నా పేరు చెప్పాడు.

పక్కింటి పిల్ల నా ముఖం చూసి బెదిరింది. "ఏమైంది అమ్మమ్మా, నిన్ను మెచ్చుకుంటుండు గదా?"

మర్నాడు పొద్దున పూజ కాగానే అతని నంబరు సంపాదించి ఫోన్ చేశాను.

"నమస్తే మేడమ్! వీడియో చూసిండ్రా?"

"చూసిన నాయనా. అది తప్పు. తీసెయ్."

"మీరే చెప్పిండ్రు గదా మేడమ్."

"నేనే చెప్పిన. తప్పు చెప్పిన. మీ బ్యాచు పోయినంక దిద్దుకున్న."

"అవ్ మేడమ్, కానీ పిల్లలకు జల్దీ ఎక్కుతది. పరీక్షల గంత లోతుకు పోయి ఎవరడుగుతరు? మార్కులు వస్తున్నయి గదా."

ఆ "వస్తున్నయి గదా" దగ్గర ఫోన్ పెట్టేశాను. ఆ రోజు ఎక్కిన కోపం ఇప్పటికీ దిగలేదు. దిగకముందే ఇది రాయాలని కూర్చున్నాను.

కొత్తగా జూనియర్ కాలేజీల్లో లెక్కలు చెప్పబోయేవాళ్ల కోసం ఇది. నా బదిలీలు, ఇంక్రిమెంట్లు, శాలువాలు మీకెందుకు? అవి అందరికీ ఒకే తీరుగా వస్తాయి. నేను ఎక్కడ తప్పు చేశానో, ఆ తప్పు ఎవరి మీద పడిందో చెప్తాను. కాలేజీ పేరు రాయను. అడవి అంచున ఉన్న సర్కారు కాలేజీ అనుకోండి. పిల్లల్లో ముప్పావు వంతు గూడేల నుంచి వచ్చినవాళ్లు.

గడప అవతల, గడప ఇవతల

నేను బడికి పోయి చదువుకున్నదాన్ని కాదు. మా నాన్న కలప డిపోలో గుమాస్తా. అడవిలో కొట్టే చోటు మారినప్పుడల్లా మా కాపురం మారేది. పోయిన చోటల్లా డిపో ఉండేది, బడి ఉండేది కాదు. మా అమ్మది పెనుబల్లి వైపు. ఎనిమిదో తరగతి వరకు చదివింది. ఆ ఎనిమిది తరగతుల్నీ నాకు ఇంట్లోనే చెప్పింది. ఆ పైది నాన్న పుస్తకాలు తెప్పించి సాయంత్రాలు చెప్పాడు. టెన్త్ ప్రైవేటుగా రాశాను. కాలేజీ గడప తొక్కింది ఇంటర్‌లోనే.

అమ్మ మడి కట్టుకుని వంట చేసేది. పూజ, నైవేద్యం అయ్యేదాకా మమ్మల్ని ముట్టేది కాదు. నేను వంటింటి గడప ఇవతల పలక పట్టుకుని కూర్చునేదాన్ని, ఆమె అవతల పొయ్యి ముందు. పలక ముట్టదు గనక ఎత్తి చూపించమనేది. పొగలో కనపడకపోతే, "చదివి చెప్పు. మూడు వేస్తే ఎంతొచ్చింది? వేసి చూశావా, ఊరికే రాశావా?" అనేది. ఊరికే రాసింది ఆమెకు గొంతులోనే తెలిసిపోయేది.

ఆ తల్లికి, ఆ తండ్రికి, వాళ్లను నాకిచ్చిన రామయ్యకు నేను రోజూ దండం పెట్టుకుంటాను. నాకు వచ్చిన లెక్కలన్నీ ఆ గడప దగ్గరే వచ్చాయి. మడి అనే మాట వింటే నాకు గుర్తొచ్చేవి ఆరేసిన పట్టుబట్ట వాసన, అన్నం ఉడికే చప్పుడు, అమ్మ గొంతు. నాకు అది అంత తియ్యటి మాట. ఇంకొకరికి అది ఎట్లాంటి మాటో నేను యాభై ఏళ్లు దాటేదాకా ఆలోచించలేదు.

నిలువు గీత వేరు, అడ్డం గీత వేరు

ముందు పాఠం సంగతి చెప్తాను. ఇది సరిగ్గా తెలియకపోతే తర్వాత రాసేది మీకు చిన్న విషయంలా కనిపిస్తుంది.

పైన ఒక బహుపది, కింద ఒక బహుపది పెడితే అకరణీయ ప్రమేయం. కింద ఉన్న హారం ఎక్కడ సున్నా అవుతుందో అక్కడ ప్రమేయానికి విలువే లేదు. పైన లవం సున్నా కాకుండా కింద మాత్రమే సున్నా అయితే, ఆ చోటుకు దగ్గరయ్యే కొద్దీ వక్రం పైకో కిందికో ఎగదన్నుకుంటూ పోతుంది. అది నిలువు అనంత స్పర్శరేఖ. వక్రం దాన్ని ముట్టదు. ముట్టడానికి అక్కడ వక్రానికి బిందువే లేదు మరి.

పైనా కిందా రెండూ సున్నా అయితే తొందరపడొద్దు. పైన x²−4, కింద x−2 ఇస్తే, గైడు చూసి చదివిన ప్రతి పిల్లా "x=2 దగ్గర నిలువు గీత" అని రాస్తుంది. అక్కడ గీతా లేదు, గోడా లేదు. కొట్టేస్తే మిగిలేది x+2 అనే సరళరేఖ. దాంట్లో ఒక్క చుక్క ఊడిపోయింది, అంతే. నా మొదటి ఏడాది నేనూ గైడు రాసినట్టే చెప్పబోతే, మా సీనియర్ లెక్చరర్ ఒకాయన స్టాఫ్ రూములో, "అమ్మా, కింద సున్నా కనపడంగనే ఎగిరి గంతెయ్యకు, పైన గూడ ఓసారి చూడు" అన్నారు. పిల్లల ముందు అనలేదు. ఆయన మర్యాద నేను మర్చిపోలేదు. ఆ మర్యాద నేను ఇంకొకరికి ఇవ్వలేకపోయానని ముందు ముందు మీరే చూస్తారు.

ఇక అడ్డం గీత. ఇది పూర్తిగా వేరే సంగతి. x వెయ్యి, లక్ష, కోటి దాటి పోతుంటే వక్రం ఏ ఎత్తుకు సర్దుకుంటుందో చెప్పేది ఇది. హారం డిగ్రీ పెద్దదైతే విలువ సున్నాకు సర్దుకుంటుంది, అంటే x-అక్షమే ఆ గీత. రెండు డిగ్రీలూ సమానమైతే పెద్ద పదాల గుణకాల నిష్పత్తి. పైది ఒకటి ఎక్కువైతే భాగహారం చెయ్యండి, వాలు గీత వస్తుంది. ఇవన్నీ దూరం పోయినాక జరిగే ముచ్చట్లు. దగ్గర్లో, అంటే రెండు, మూడు, పది లాంటి చోట్ల వక్రం ఆ గీతను ముట్టుకుందా, దాటిందా, దాటి మళ్లీ వచ్చిందా అన్నది ఆ గీతకు పట్టదు.

ఈ చివరి మాట నాకు తెలియదా? డిగ్రీలో చదివాను. తెలుసు. తెలిసి కూడా ఉల్టా చెప్పాను. అదే నా కోపం.

ఆ ట్రిక్కు ఎట్లా పుట్టింది

ఇంటర్ పుస్తకంలో అనంత స్పర్శరేఖ అనే మాట అతిపరావలయం దగ్గర వస్తుంది. అక్కడ వక్రం నిజంగానే ఆ గీతను ఎన్నడూ ముట్టదు. నేను దాన్ని అవధుల పాఠంలోకి కూడా తెచ్చి, అకరణీయ ప్రమేయాల గ్రాఫులు గీయించేదాన్ని. పుస్తకంలో లేకపోయినా చెప్పేదాన్ని. అది మంచి పనే. కానీ ఆ మాట పిల్లల నోట తిరగదు. ఒకరోజు బోర్డు ముందు నిలబడి ఎట్లా చెప్పాలా అనుకుంటుంటే అమ్మ గుర్తొచ్చింది.

"ఇది మడి గీత అమ్మా. దగ్గరికి రావచ్చు, ఇంకా దగ్గరికి రావచ్చు. ముట్టుకోకూడదు."

క్లాసు ఒక్కసారిగా వెలిగిపోయింది. నిలువు గీతా అంతే, అడ్డం గీతా అంతే, అన్నీ మడి గీతలే. పరీక్షలో ఎవరికీ తప్పు పడలేదు, ఎందుకంటే పేపరు ఇచ్చేదీ నేనే, దిద్దేదీ నేనే. తనిఖీకి వచ్చిన ఒక పెద్దాయన వెనక బెంచీలో కూర్చుని విని, "అచ్చమైన తెలుగు బోధన మేడమ్" అని రిజిస్టరులో రాసిపోయారు. నేను పొంగిపోయి ఇంటికి వెళ్లి దీపం పెట్టాను. పద్దెనిమిదేళ్లు చెప్పాను ఆ మాట.

చూడండి, స్పర్శ అన్నది ఆ పేరులోనే ఉంది. అనంతం దగ్గర తాకే రేఖ. పేరు పెట్టినవాళ్లు తాకుతుందని పెట్టారు. దాన్ని పట్టుకుని తాకకూడదు అని తిప్పింది నేనే. ముట్టదు అని చెప్పడం వేరు, ముట్టుకోకూడదు అని చెప్పడం వేరు. మొదటిది లెక్క. రెండోది కట్టుబాటు. లెక్కల క్లాసులో నిలబడి నేను కట్టుబాటు నేర్పాను. నా ఎదురుగా కూర్చున్నది ఎవరో చూసుకోకుండా నేర్పాను.

జోగమ్మ పేపరు

జోగమ్మ కోయపిల్ల. మా కాలేజీలో మొదటి ఏడాది ఎంపీసీ. నాయనమ్మ పేరు పెట్టారని సిగ్గుపడేది, తోటి పిల్లలు "జోగీ, జోగీ" అని ఏడిపించేవాళ్లు. హాస్టల్లో ఉండేది. తెలుగు నిదానంగా, ఆచితూచి మాట్లాడేది. ఆల్జీబ్రాలో మామూలు పిల్ల. కానీ అర్థం కానిది అర్థమైందని అనేది కాదు. క్లాసు మొత్తంలో చెయ్యెత్తేది ఆ ఒక్కతే.

అర్ధ సంవత్సరం పరీక్షకు నేనే పేపరు తయారు చేశాను. నాలుగు మార్కుల ప్రశ్న ఒకటి: పైన x−2, కింద x²−1. గ్రాఫు స్థూలంగా గీసి, అనంత స్పర్శరేఖలు రాయండి. చేసి చూడకుండా ఇచ్చాను. నా కీ పేపర్లో x=1, x=−1 నిలువు గీతలు, x-అక్షం అడ్డం గీత. కుడి వైపు ముక్కను అక్షం పైన ఒద్దికగా, ముట్టకుండా గీసుకున్నాను. చెయ్యి అలవాటు కొద్దీ గీసిన బొమ్మ అది.

దాదాపు అందరూ నా బొమ్మే గీశారు. జోగమ్మ వేరే గీసింది. కుడి వైపు ముక్క x=1 పక్కన కింద నుంచి లేచి, x=2 దగ్గర అక్షాన్ని కోసుకుంటూ పైకి వచ్చి, చిన్న గుట్ట ఎక్కి, మళ్లీ నెమ్మదిగా అక్షం వైపు దిగుతోంది. నేను దాని మీద ఎర్ర ఇంటూ కొట్టాను. గీతలు మూడూ సరిగ్గా రాసింది. అయినా మొత్తానికి సున్నా వేశాను. గ్రాఫు "మడి చెడింది" కాబట్టి మూలం తెలియదని నా తీర్పు.

పేపర్లు పంచేటప్పుడు ఇంకా పెద్ద తప్పు చేశాను. ఆ పేపరు ఎత్తి క్లాసుకు చూపించి, నవ్వుతూ, "చూడండమ్మా, మన జోగమ్మ మడి చెడగొట్టింది" అన్నాను.

క్లాసు విరగబడి నవ్వింది. "జోగమ్మ ముట్టింది, గీత మైలపడ్డది!" అని వెనక నుంచి ఒకమ్మాయి. "తానం చెయ్యాలె మేడమ్ గీతకు!" అని ఇంకొకతి. నేనూ నవ్వాను. అవును, నేను కూడా నవ్వాను.

జోగమ్మ లేచి నిలబడింది. "మేడమ్, రెండు ఏసి చూడండి."

"కూర్చో అమ్మా."

"రెండు ఏస్తె పైన సున్నా వస్తుంది మేడమ్. కింద మూడు. గీత మీదనే పడుతుంది గదా."

"రూలు చెప్పిన గదా. కూర్చో."

కూర్చుంది. వేసి చూశావా అని మా అమ్మ పొగలోంచి అడిగిన మాట, ఆ పిల్ల నన్ను నిండు క్లాసులో అడిగింది. నేను వేసి చూడలేదు.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో అన్నం తింటూ చిత్తు కాగితం మీద వేసి చూశాను. రెండు వేస్తే సున్నా. మూడు వేస్తే ఎనిమిదింట ఒకటి. నాలుగు వేస్తే పదిహేనింట రెండు, ఇంకొంచెం పైకి. పది వేస్తే తొంభై తొమ్మిదింట ఎనిమిది, కిందికి దిగింది. వంద వేస్తే అక్షానికి ఆనుకున్నట్టే ఉంది. ఆ పిల్ల గీసిన గుట్ట నిజంగానే ఉంది. అన్నం గిన్నె మూసేశాను.

మూడు రోజులు

ఇక్కడ ప్రిన్సిపాల్ గారి గురించి చెప్పాలి. ఆయనకు కాలేజీ అంటే పాస్ పర్సంటేజీ. ఆ ఏడు ఆయన ఒక కొత్త పద్ధతి పెట్టారు. అర్ధ సంవత్సరం లెక్కల్లో ముప్పై మార్కులు రాని పిల్లల్ని ఎంపీసీ నుంచి తీసి ఆర్ట్స్ గ్రూపులో వేయడం. పిల్లల మంచికే అనేవారు. జోగమ్మకు ఇరవై ఆరు వచ్చాయి. ఆ లెక్కకు నాలుగూ ఇస్తే సరిగ్గా ముప్పై.

సాయంత్రం ఆయన గదికి వెళ్లాను. సంగతి చెప్పాను.

"మార్కు పెంచుడు పెద్ద ముచ్చట కాదు మేడమ్" అన్నారు. "కానీ ఆమెది కరెక్టయితే మిగతా అందరిదీ తప్పే గదా? వాళ్లకు కోత పెట్టాలె. అందుల ఇంకెంతమంది ముప్పై కిందికి పడతరో!"

"వాళ్లు నేను చెప్పినట్టే గీసిండ్రు సార్. వాళ్లకు కోత పెట్టే హక్కు నాకు లేదు."

"మరి గదే రాసియ్యండి. 'నేను పాఠం తప్పు చెప్పిన' అని. మీ సంతకంతోని. లేకుంటే లిస్టుల పేరు మార్చ."

కాగితం నా ముందుకు జరిపారు. నేను రాయలేదు. రేపు రాస్తాను సార్ అని లేచి వచ్చేశాను.

ఎందుకు రాయలేదో దాచుకోకుండా చెప్తాను. జిల్లాలో లెక్కల్లో మంచి టీచరని నాకు పేరు. కొత్త లెక్చరర్లకు తరగతి చెప్పడానికి నన్నే పిలిచేవాళ్లు. ఆ తరగతిలో కూడా మడి గీతే చెప్పి వచ్చాను. ఈ కాగితం రాస్తే అదంతా ఏమవుతుందని భయపడ్డాను. ఇంకొకటి కూడా ఉంది. దాన్ని ఒప్పుకోవడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. అది మా అమ్మ మాట. తప్పని రాస్తే అమ్మను తప్పన్నట్టు అనిపించింది. అమ్మ మడి కట్టుకుంది గానీ, లెక్కలో మడి పెట్టమని ఎప్పుడు చెప్పింది? నేనే పెట్టాను.

రెండో రోజు కూడా రాయలేదు. పొద్దున దీపం ముందు కూర్చుంటే శ్లోకం నోటికి వచ్చేది, లోపలికి దిగేది కాదు. దేవుడు క్షమిస్తాడులే అనుకోవడం చాలా సులువు. ఆయన దగ్గర నాకు భయం లేదు, బోలెడంత దయ చూశాను. క్షమించాల్సిన మనిషి హాస్టల్లో ఉంది. ఆమెను తప్పించుకోవడానికి నేను ఆయన వెనక దాక్కున్నాను.

మూడో రోజు లిస్టు గోడకు అంటించారు. జోగమ్మ పేరు ఆర్ట్స్‌లో ఉంది. పొద్దున లిస్టు చూసుకుని, పెట్టె సర్దుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయిందని మధ్యాహ్నం హాస్టల్ నుంచి కబురు వచ్చింది.

అప్పుడు రాశాను. "అడ్డం అనంత స్పర్శరేఖను వక్రం తాకదని, దాటదని నేను పద్దెనిమిదేళ్లుగా తప్పుగా బోధించాను. జోగమ్మ గీసిన గ్రాఫు సరైనది. ఆమెకు నాలుగు మార్కులు ఇవ్వవలెను. మిగతా విద్యార్థులు నా బోధన ప్రకారమే రాసినందున వారి మార్కులు తగ్గించరాదు."

ప్రిన్సిపాల్ గారు చదివి, "ఇంత రాయాల్నా మేడమ్? 'పొరపాటున' అని ఒక్క మాట ఏస్తె పోయె" అన్నారు.

"పొరపాటున కాదు సార్. ఇష్టంగా చెప్పిన."

ఆయన లిస్టు మార్చారు. అందుకు ఆయనకూ నమస్కారం. కానీ ఒక గీత గీసి, అటు పడినవాళ్లను చదువులోంచి తప్పించడం మంచి పనని నేను ఇప్పటికీ అనుకోను. మీ కాలేజీలో ఎవరైనా అట్లాంటి గీత గీస్తే, మొదటి రోజే లేచి అడగండి. నేను అడగలేదు. నాకు నచ్చిన పిల్ల దాని మీద పడ్డాక గానీ అది నా కంటికి ఆనలేదు.

మిర్చి తోటలో

జోగమ్మ వాళ్ల గూడెం చేరాలంటే పినపాక దాటాక ఆటో దిగి ఇంకా కొంత దూరం నడవాలి. గూడెంలో అడిగితే తల్లీబిడ్డలిద్దరూ మిర్చి కోతకు పోయారన్నారు. తోటలో ఆడవాళ్లు వంగి కాయలు కోస్తున్నారు. ఘాటుకు నాకు తుమ్ములు ఆగలేదు. నన్ను చూసి జోగమ్మ నడుం ఎత్తింది, కదల్లేదు. వాళ్లమ్మ గోనెసంచి పక్కన పెట్టి వచ్చింది.

"పిల్ల చదవనంటుంది పంతులమ్మా. ఏమైందంటే చెప్పదు. మీరేమన్న అన్నరా?"

"అన్నానమ్మా."

ఆమె నా ముఖంలోకి చూసింది. తర్వాత వాళ్ల భాషలో బిడ్డతో ఏదో అంది. జోగమ్మ ఒడిలో కాయలతోనే దగ్గరికి వచ్చింది.

"నీ లెక్క కరెక్టు. మార్కులు ఇచ్చిన. లిస్టుల నీ పేరు ఎంపీసీకి మార్చిండ్రు. రా బిడ్డా" అన్నాను.

"రెండు ఏసి చూసిండ్రా?"

"చూసిన. అదే రోజు మధ్యాహ్నం."

"అదే రోజా?"

ఆ రెండు మాటల్లో ఏం అడిగిందో నాకు తెలుసు. మూడు రోజుల సంగతి చెప్పాను. విన్నది. ఒడిలో కాయలు ఏరుతూ అంది.

"మా అమ్మ చిన్నప్పుడు ఒకరింట్ల పని చేసింది మేడమ్. వాళ్ల మడిబట్టకు చెయ్యి తగిలిందని కొట్టిండ్రంట. మీరు మడి గీత అన్నప్పుడల్ల నాకు గదే గుర్తుకొస్తది. పరీక్షల గూడ భయమైంది, ముట్టియ్యాల్నా వద్దా అని. నాలుగుసార్లు ఏసిన. నాలుగుసార్లు సున్నానే వచ్చింది. వచ్చినంక ఏం చెయ్యాలె?"

ఆ పిల్ల భయపడుతూ కూడా లెక్క చెప్పినట్టు చేసింది. నేను ఏ భయమూ లేకుండా లెక్కను తోసేశాను.

"క్లాసుల చెప్తరా?" అని అడిగింది. "మార్కు ఇచ్చిండ్రని కాదు. రూలు తప్పని."

"చెప్తాను."

సోమవారం జోగమ్మ క్లాసుకు వచ్చింది. నేను బోర్డు మీద ఆ ప్రమేయమే రాసి, రెండు, మూడు, నాలుగు, పది, వంద పిల్లల చేతే వేయించాను. మడి గీత అనేది లేదని, ఎప్పుడూ లేదని, నేను తప్పు చెప్పానని చెప్పాను. పేపరు ఎత్తి చూపించి ఆమెను నవ్వులపాలు చేసింది అంతకంటే పెద్ద తప్పని కూడా చెప్పాను. ఎవరూ నవ్వలేదు. "మరి పరీక్షల ఏం రాయాలె మేడమ్?" అని ఒకమ్మాయి అడిగింది. "వేసి చూసి, వచ్చింది రాయాలె" అన్నాను. జోగమ్మను పిలిచి సుద్దముక్క ఇచ్చాను. గీసింది. రెండు దగ్గర అక్షాన్ని కోసుకుంటూ పోయే వక్రం, నాకంటే చక్కగా గీసింది. సుద్దముక్క బల్ల మీద పెట్టి వెళ్లి కూర్చుంది.

కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. పిల్లలకు తొందరగా ఎక్కే మాట దొరికితే ముందు దాన్ని అనుమానించండి. అది ఎవరింటి మాటో, ఎవరి వీపు మీద వాత పెట్టిన మాటో అడిగి తెలుసుకోండి. మీ పేపరు మీరు చేసి చూడకుండా పిల్లల చేతికి ఇవ్వకండి. చెయ్యెత్తిన పిల్లను కూర్చోమని చెప్పే ముందు ఆమె వేయమన్న అంకె వేయండి. పట్టేది అర నిమిషం. నేను ఆ అర నిమిషం పెట్టలేదు.

జోగమ్మ ఎంపీసీలోనే ఉంది. రెండేళ్లూ పూర్తి చేసింది. బాగా పాసయింది. ఇది వినగానే అందరూ, "పోనీలెండి, అంతా మంచే జరిగింది" అంటారు. అనకండి.

రెండో ఏడాది పబ్లిక్ పరీక్షలకు ముందు చివరి క్లాసు. రివిజన్ అయిపోయింది. అలవాటుగా అడిగాను. "ఏమన్న డౌట్లున్నాయా అమ్మా?" నా చూపు దానంతటదే మూడో బెంచీకి పోయింది. ఏడాది పైగా అట్లాగే పోయేది. గూడెం నుంచి తిరిగి వచ్చిన నాటి నుంచి ఆ పిల్ల నా క్లాసులో ఒక్కసారి చెయ్యెత్తలేదు.

గంట కొట్టాక ఆమె బెంచీ దగ్గరికి వెళ్లాను. నోటుబుక్కు తెరిచి ఉంది. ఒక లెక్క పక్కన మార్జిన్‌లో పెన్సిలుతో ప్రశ్న గుర్తు వేసి, రబ్బరుతో రుద్దేసింది. కాగితం ఆ చోట పలచబడింది.

"ఇదేంది బిడ్డా? డౌటా?"

"ఏం లేదు మేడమ్" అంది, మర్యాదగా లేచి నిలబడి. "నేనే చూసుకున్న."